అలక అనుకున్నాం

నేను పనిచేసిన వార్డులో ఇప్పుడు నర్సులుగా ఉన్న పిల్లలు అప్పుడప్పుడు పటమటలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది? వాళ్ళకి కావలసింది చచ్చి బతికిన మనిషి కథ. అలాంటివి నా దగ్గర కొన్ని ఉన్నాయి, చెబితే నోరెళ్ళబెట్టి వింటారు. ఈ కథ మాత్రం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇందులో పేషెంటు బతికింది, ఇంటికి వెళ్ళింది, పెద్దదయింది. అయినా చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకోండి, టీ మాత్రం ఈసారి మీరే పెట్టుకోండి.

అవి తొంభైల నడిమి సంవత్సరాలు. విజయవాడలో తలకి స్కాన్ తీయిస్తున్నారంటే వీధి వీధంతా చెప్పుకునే కాలం. మా ఆస్పత్రిలో మెదడు ఆపరేషన్లు మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. మా సర్జన్ గారు బల్ల దగ్గర చెయ్యి వణకని మనిషి. బయట వరండాలో పేషెంటు తాలూకు ఎవరైనా ఏడిస్తే మాత్రం జేబులోంచి పెన్ను తీసి దాని మూత పెట్టడం, తియ్యడం చేస్తూ నిలబడేవారు. ఆ తరవాత ఏడ్చేవాళ్ళని నా మీదికి తోసేవారు. నేనేమో నోటి దురుసు మనిషిని. ఓదార్చడం కంటే కసరడం బాగా వచ్చు. అయినా జనం నా దగ్గరే కూర్చునేవారు, ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

ఆ పిల్లని తీసుకొచ్చింది ఆటోనగర్‌లో లారీలకి రంగులేసే ఒకాయన, ఆయన భార్య. పిల్లకి ఏడేళ్ళుంటాయి. ఏడాదిగా పొద్దున లేవగానే తలనొప్పి. భళ్ళున వాంతి అయితే కాస్త తెరిపి, మధ్యాహ్నానికి మామూలే. నులిపురుగులన్నారు, పైత్యమన్నారు, కళ్ళజోడు పెట్టించారు. నడక తూలడం మొదలయ్యాక దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. చివరికి స్కాన్ తీస్తే చిన్నమెదడు నడిమధ్యలో గడ్డ. తలలో రోజూ ఊరే నీరు కిందికి దిగే దారికి సరిగ్గా అడ్డంగా కూర్చుంది. నీరు కదిలే దారి లేక లోపలి గదులు ఉబ్బిపోయి ఉన్నాయి.

ముందు ఆ నీటికి దారి చూపించాలి. చెవి వెనక పుర్రెకి చిన్న రంధ్రం చేసి, చర్మం కిందుగా పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. తలనొప్పి పోయింది. తలనొప్పి లేకపోతే ఆ పిల్ల ఎలా ఉంటుందో అప్పుడు చూశాం మేము.

వాగుడుకాయ. అంతకంటే మంచి మాట లేదు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ కలిపి దంచేది. వార్డులో ఎవరికి ఏ జబ్బో, ఎవరి మంచం కింద ఏ క్యారేజీ ఉందో అన్నీ దానికి కావాలి. వరండాలో కటకటాలు పట్టుకుని రోడ్డు మీద పోయే లారీల వెనక రాతలు గట్టిగా చదివేది. మధ్యలో ఒకదాన్ని చూసి, "ఇది మా అబ్బా రాసిందే, ఆ 'ర' చూడండి" అని నా చీర కొంగు లాగేది. సన్నటి గొంతు, కొసన కొంచెం జీరతో. వార్డు ఆ చివర ఉన్నా వినిపించేది. కాస్త నోరు ముయ్యవే అని నేనే కసిరాను చాలాసార్లు.

గొట్టం వేసినప్పుడు చెవి వెనక కొద్దిగా జుట్టు తీశారంతే. మిగతా జడ నడుము దాకా ఉండేది. వాళ్ళమ్మ దాన్ని దువ్వి ఆ గాటు కనపడకుండా కప్పేది. గడ్డ తీసే పెద్ద ఆపరేషన్ ముందు పిల్ల అడిగితే, ఈసారి కూడా కొంచెమేనని వాళ్ళమ్మ చెప్పింది. మత్తిచ్చాక తియ్యమని మమ్మల్ని బతిమాలుకుంది. మొత్తం తీసేశారు. ఆ జడని తెల్లగుడ్డలో చుట్టి ఆమె చేతికిస్తే, సంచిలో అడుగున పెట్టుకుంది.

గడ్డ మొత్తం బయటికి వచ్చేసిందని సర్జన్ గారు ఆ సాయంత్రం వరండాలోకి స్వయంగా వచ్చి చెప్పారు. పెన్ను జోలికి కూడా పోలేదు. మర్నాడు పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది, అబ్బా ఎక్కడన్నది, పక్క మంచం ముసలమ్మ ఇంటికెళ్ళిపోయిందా అని అడిగింది. మేమంతా పండగ చేసుకున్నాం. ఆ తరవాతి రోజు కట్టు మార్చేటప్పుడు స్టీలు పళ్ళెంలో తన గుండు చూసుకుంది.

"నా జడేదమ్మీ?"

మళ్ళీ పెరుగుద్దని వాళ్ళమ్మ ఏదో సర్దిచెప్పింది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి మాట లేదు.

ఇక చెప్పేదేముంది, అలిగిందన్నాం. అలక అంటే మనవాళ్ళకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? పెళ్ళిలో అల్లుడు అలిగితే వాచీ పెట్టి దింపుతాం, ఆడపడుచు అలిగితే చీర పెట్టి దింపుతాం. ఏ అలకకి ఏ మందో మన ఇళ్ళలో అందరికీ నోటికి వచ్చు. వార్డంతా ఆ పని మీద పడ్డాం. ఆయా తన సవరం తెచ్చి పిల్ల దిండు పక్కన పెట్టింది. నేను బీసెంట్ రోడ్డులో రంగు రిబ్బన్లు కొన్నాను. నలుగురం చేరితే అలక ముదురుతుంది, పట్టించుకోకండి అని ఒక సిస్టర్ సలహా ఇస్తే ఒక పూటంతా ఎవరం పలకరించలేదు. సర్జన్ గారు రౌండ్సులో తెల్లకోటు జేబులోంచి చాక్లెట్ తీసి, "అమ్మాయిగారికి కోపం తగ్గిందా?" అన్నారు. పిల్ల చూసింది. చెయ్యి చాపలేదు.

వాళ్ళమ్మ పరిస్థితి ఏం చెప్పమంటారు? నేను అబద్ధం చెప్పాను, అందుకే నాతో మాట్లాడటం లేదు అని కుమిలిపోయేది. పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని, "మాఫ్ కర్ బేటీ" అని మెల్లగా క్షమాపణ అడుగుతూనే ఉండేది. తినిపిస్తే పిల్ల మింగడానికి ఇబ్బంది పడేది. అదీ పంతమే అనుకున్నాం.

ఆ భ్రమ వాళ్ళ నాన్న వచ్చిన ఒక సాయంత్రం పోయింది. పనిలోంచి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా రంగులు. పిల్ల ఆయన్ని చూసి నోరు తెరిచింది. పెదాలు కలిశాయి, విడిపోయాయి. గాలి వచ్చింది, అంతే. మళ్ళీ తెరిచింది. మెడ నరాలు బిగిశాయి. అప్పుడు నావైపు చూసింది. అలిగిన పిల్లల కళ్ళు నేను ఎన్నో చూశాను, వాటిలో పంతం ఉంటుంది. ఈ పిల్ల హడలిపోయి ఉంది. పిలవాలనుకుంటోంది, పిలుపు రావడం లేదు.

పరిగెత్తి సర్జన్ గారిని తీసుకొచ్చాను. నాలుక చాపమన్నారు. పిల్ల ప్రయత్నించింది, నాలుక కదలలేదు. 'ఆ' అనమన్నారు, రాలేదు. ఆయన నేరుగా తన గదిలోకి వెళ్ళి, తనకి పాఠం చెప్పిన పెద్దాయనకి ఎస్.టి.డి. చేశారు. బయటికి వచ్చి నాతో చెప్పారు. చిన్నమెదడు మధ్యలో గడ్డ తీసిన పిల్లల్లో కొందరు ఇలా అయిపోతారట. ఒకటి రెండు రోజులు మాట్లాడి మరీ ఆగిపోతారట. ఆ పెద్దాయన కూడా ఒకరిద్దరినే చూశారు. మాట మళ్ళీ వచ్చిందట, వారాలో నెలలో పట్టిందట, మునుపటిలా మాత్రం రాలేదట.

ఈ సంగతి వాళ్ళమ్మకి నేనే చెప్పాను. నీ మీద అలక కాదమ్మా, ఇది జబ్బు అన్నాను. ఆమె ముఖం ఒక్క క్షణం విప్పారింది, బిడ్డకి తన మీద కోపం లేదని. ఆ మరుక్షణమే నేను చెప్పింది పూర్తిగా తలకెక్కింది. 

అదే వారంలో గడ్డ ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. చెడ్డ రకం. తలకి, వెన్నెముకకి రేడియేషన్ ఇవ్వాలి. మనవాళ్ళ భాషలో కరెంటు పెట్టించాలి. ఆ యంత్రం మా దగ్గర లేదు, కృష్ణ అవతలి ఊళ్ళో పెద్దాస్పత్రిలో ఉండేది. ఆలస్యం చేస్తే గడ్డ మళ్ళీ మొలుస్తుంది. తండ్రి ససేమిరా అన్నాడు. రెండు రోజులు వార్డు వైపే రాలేదు.

మూడోనాడు సర్జన్ గారు నన్ను పిలిచి, ఆటోనగర్ దారి తెలుసా అన్నారు. ఆయన కారులో బయల్దేరాం. పేషెంటు తాలూకు వాళ్ళతో వరండాలో మాట్లాడలేని మనిషి, వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను. సుత్తి దెబ్బలు, వెల్డింగు పొగ, డీజిలు బురద. ఎవర్నో అడిగితే లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు చూపించారు. పిల్ల తండ్రి పీపాల మీద వేసిన పలక మీద నిలబడి ఒక లారీ నుదుటి మీద పువ్వులు వేస్తున్నాడు. మమ్మల్ని చూశాడు. దిగలేదు. సర్జన్ గారు ఇస్త్రీ ప్యాంటుతో ఆ బురదలో తల పైకెత్తి నిలబడ్డారు.

"మాట్లాడే పిల్లని తెచ్చి మీ చేతుల్లో పెట్టాను సార్," అన్నాడాయన, కుంచె ఆపకుండా. "మాట తెచ్చివ్వండి. ఆ తరవాత ఏ కరెంటు కావాలంటే అది పెట్టుకోండి."

సర్జన్ గారి చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. "మాట ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. వచ్చినా పాత మాట రాకపోవచ్చు. కరెంటు పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం నాకు తెలుసు."

"పెడితే ఏమవుద్ది?"

అక్కడ ఎవరైనా తియ్యగా ఏదో ఒకటి చెప్పి ఒప్పించుకుంటారు. నేనైతే అదే చేసేదాన్ని. ఆయన మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు. పిల్ల మిగతా పిల్లలంత ఎత్తు పెరగదు. చదువు నెమ్మదిగా వస్తుంది. నడకలో తూలుడు ఉండిపోవచ్చు. గొట్టం ఎప్పుడైనా పూడిపోవచ్చు, అప్పుడు మళ్ళీ ఆపరేషన్. ఇవన్నీ జరిగినా పిల్ల బతుకుతుందని గ్యారంటీ లేదు, బతికే అవకాశం ఉందంతే. కుంచె ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. ఆయన ఆ సగం పువ్వుకేసి చూస్తూనే అడిగాడు.

"పిలిస్తే పలకదు. కానీ పిలవడానికి ఉంటది. అంతేగా సార్?"

"అంతే," అన్నారు సర్జన్ గారు.

ఆయన పలక మీంచి దిగి, కిరసనాయిల్ గుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

రేడియేషన్ కోసం తల్లీపిల్లా ఆ ఊళ్ళోనే గది తీసుకుని ఉన్నారు. నా సెలవు రోజున బ్యారేజీ మీదుగా బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా గుమ్మంలో నిలబడి ముందు చెవి పెట్టేదాన్ని. వాళ్ళమ్మ ఒక్కదాని గొంతే వినిపించేది. పిల్లకి కథలు చెబుతూ, ప్రశ్నలు తనే వేసి జవాబులు కూడా తనే చెప్పేది. నోరు ముయ్యమని నేను కసిరింది ఆ పిల్ల గొంతునే. దానికోసం అలా గుమ్మాల్లో నిలబడతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

చికిత్స సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆస్పత్రికి ఫోను వచ్చింది. అవతల వాళ్ళమ్మ ఏడుస్తోంది. పిల్లకేమైందమ్మా అని అరిచాను.

"దోమ అన్నది సిస్టరమ్మా! దోమ అన్నది!"

చెయ్యి మీద వాలిన దోమని చూసి అన్నదట. నేను వార్డులోకి వెళ్ళి ఆ మాటే చెప్పాను. బెజవాడ దోమల్ని పుట్టిన దగ్గర్నుంచి తిట్టుకుంటూ బతికినవాళ్ళం, ఆ రోజు మాత్రం ఆయా దోమకి దండం పెట్టింది. సర్జన్ గారు రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఆ వచ్చే ఆదివారం వెళ్ళి విన్నాను. ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది గొంతు. ఒక్కో అక్షరం విడివిడిగా, బరువు మోస్తున్నట్టు. "సి... స్ట... ర్" అన్నది నన్ను చూసి. నేను దాన్ని ముద్దు పెట్టుకున్నాను. ఇది కొద్దికొద్దిగా సర్దుకుని, ఏదో ఒకరోజు ఆ సన్నటి జీర గొంతు లేచి వస్తుందని లోపల గట్టిగా అనుకున్నాను. నెలలు గడిచాయి, సంవత్సరాలు గడిచాయి. అక్షరాలు కొంచెం దగ్గరయ్యాయి. ఆ గొంతు మాత్రం రాలేదు.

ఏటా స్కాన్‌కి వచ్చేవాళ్ళు. గడ్డ తిరిగి రాలేదు. సర్జన్ గారు షెడ్డులో చెప్పినవి చాలావరకు జరిగాయి. పిల్ల ఎత్తు తక్కువే. కాళ్ళు ఎడంగా వేసి, గోడ దగ్గరగా నడిచేది. స్కూల్లో తనకంటే చిన్నపిల్లలతో కూర్చుని పట్టుదలగా పదో తరగతి దాకా లాక్కొచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి గొట్టం పూడుకుపోయి, పాత తలనొప్పులతో స్పృహ తప్పే స్థితిలో వచ్చింది. గొట్టం మార్చారు, లేచి కూర్చుంది. సర్జన్ గారు ప్రతిసారీ స్కాన్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, బ్రహ్మాండంగా ఉందమ్మా అనేవారు. వాళ్ళు వెళ్ళాక మాత్రం నావైపు తిరిగి, "బతికింది కదా సిస్టర్?" అని అడిగేవారు. బతికింది సార్ అనేదాన్ని. మర్నాడు మళ్ళీ అడిగేవారు.

వాళ్ళమ్మ నా కోసం ఆగేది. ఆ పిల్ల పాత మాట విన్నవాళ్ళం ఆస్పత్రిలో కొద్దిమందిమే మిగిలాం. ఆయా వెళ్ళిపోయింది, పక్క మంచాల వాళ్ళు ఎవరో ఎక్కడో. అందుకని ఏటా ఒకసారి నన్ను పక్కకి తీసుకెళ్ళి, "వరండాలో లారీలు చదివేది, మీకు జ్ఞాపకం ఉందా?" అని మొదలుపెట్టేది. నేను జ్ఞాపకం ఉన్నవన్నీ చెప్పేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. బజారులో ఏ పిల్లయినా అమ్మీ అని పిలిస్తే ఇప్పటికీ వెనక్కి తిరుగుతానని ఒకసారి చెప్పింది. పక్కనే తన చెయ్యి పట్టుకుని సొంత కూతురు నడుస్తూ ఉంటుందట. అందుకు సిగ్గుపడేది. బిడ్డ దక్కిందని రోజూ నమాజులో షుక్రియా చెప్పుకుంటాను, మరి ఇంకెవరి కోసం ఏడుస్తున్నాను సిస్టరమ్మా అని అడిగేది.  ఆమె వెళ్ళాక నేనూ ఏడ్చేదాన్ని, ఆ పిల్ల కోసమే.

నేను రిటైరయ్యాను. మరుసటి ఏడు సర్జన్ గారు పోయారు. తల్లీకూతుళ్ళు ఏడాదికోసారి నన్ను చూడ్డం మాత్రం మానలేదు, మా ఇంటికే వచ్చేవారు. ఆ అమ్మాయి అప్పటికి మా పేటలోనే ఒక జిరాక్స్ షాపులో కుదురుకుంది. అక్కడికొచ్చేవాళ్ళందరికీ తొందరే, ఆమెకి మాత్రం తొందర లేదు. అయినా కాగితం వంకర పోకుండా తీసేది ఆమే అని వీధిలో పేరు తెచ్చుకుంది.

అలా వచ్చిన ఒక మధ్యాహ్నం అమ్మాయి వరండాలో కూర్చుని ఏదో పత్రిక తిరగేస్తోంది. లోపల వాళ్ళమ్మ గొంతు తగ్గించి ఎప్పటిలాగే మొదలుపెట్టింది. నేను లారీల సంగతి చెప్పాను, చీర కొంగు లాగడం చెప్పాను. అప్పుడామె ఎన్నడూ అడగనిది అడిగింది. "ఆ గొంతు మీకు ఇప్పటికీ వినిపిస్తదా? నాకు ఈ మధ్య పట్టుకుందామన్నా చిక్కడం లేదు."

నేను కళ్ళు మూసుకుని వెతికాను. ఏమన్నదో అన్నీ గుర్తున్నాయి. ఎలా అన్నదో లేదు. ఎంత వెతికినా ఇప్పటి గొంతే వస్తోంది. నాకూ పోయిందమ్మా అన్నాను. ఆమె తల దించుకుంది. ఆ పిల్లని మళ్ళీ ఒకసారి పోగొట్టుకున్నట్టు ఇద్దరం అలా కూర్చుండిపోయాం.

"నాకు... ఉంది."

గుమ్మం పట్టుకుని ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఒక్కొక్క మాట పేర్చుకుంటూ, మా ఇద్దరికీ చెప్పింది.

"లోపల... అదే గొంతు అమ్మీ. గబగబా... మాట్లాడుద్ది. బయటికి... వచ్చేసరికే... నెమ్మదవుద్ది."

వాళ్ళమ్మ లేచి వెళ్ళి కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్ళూ చెప్పలేదేం అని అడిగింది. నువ్వెప్పుడూ అడగలేదుగా అన్నది ఆ అమ్మాయి. లోపల ఆ గొంతు ఉందన్న మాట సర్జన్ గారికి వెళ్ళి చెప్పాలనిపించింది నాకు. ఆయన లేరని అంతగా బాధ కలిగిన రోజు ఇంకొకటి లేదు.

"ఇప్పుడేమంటోంది?" వాళ్ళమ్మ అడిగింది, కూతురి ఛాతీ మీద చెవి ఆనించి.

 అమ్మాయి నవ్వింది.

"ఏడుపులు... అయిపోతే... అన్నం పెట్టమంటోంది."

నేను లేచి ముగ్గురికీ కంచాలు పెట్టాను.